బుల్లెట్ రైలు మీద కార్లు, లారీలు ఎక్కిస్తే గిరాకీ ఉంటుందా?

ఉప్పల్_వాసి

మొన్న మా మేనకోడలి ఓణీల ఫంక్షన్‌లో భోజనాల దగ్గర మొదలైన వాదన ఇది. ఇప్పటికీ తెగలేదు, వాట్సాప్‌లో నడుస్తూనే ఉంది. మా బావకి మూడు లారీలున్నాయి. నాకున్నది ఒక్క కారు, దాన్ని నెలకి రెండుసార్లు బెంగళూరు దాకా తోలుతుంటా (మా ఆవిడ ఉద్యోగం అక్కడ, అమ్మానాన్న ఇక్కడ, నేను మధ్యలో 44వ నంబరు హైవే మీద).

హైదరాబాద్ నుంచి బెంగళూరుకి, చెన్నైకి హై-స్పీడ్ లైన్లు వేస్తామంటున్నారు కదా. దాని మీద మా బావ మాట ఏంటంటే, "మనుషులు ఎక్కడానికే అన్నేసి వేల కోట్లు పోస్తారా? రాత్రిపూట ఆ పట్టాలు ఖాళీగానే పడుంటాయిగా, లారీలెక్కించి పంపితే లైను ఖర్చు వాటి మీదే వచ్చేస్తుంది" అని. నా కోరిక ఇంకా చిన్నది. శంషాబాద్ దగ్గర కారెక్కించి, ఓ రెండు మూడు గంటల్లో యలహంక దగ్గర దింపితే చాలు, దానికి ఐదారు వేలైనా ఇస్తాను. ఇప్పుడు పెట్రోలు, టోలు, మధ్యలో టిఫిన్లు కలిపితే దాదాపు అంతే అవుతోంది, పైగా తొమ్మిది గంటలు నడుం పడిపోవడం అదనం.

ఇంగ్లండ్‌కీ ఫ్రాన్స్‌కీ మధ్య సొరంగంలో కార్లతో సహా రైలెక్కేస్తారని చాలాసార్లు విన్నాను. అది హై-స్పీడ్ రైలేనా? మిగతా దేశాల్లో ఇలా ఎవరైనా చేస్తున్నారా? చేయకపోతే ఎందుకు చేయట్లేదు, గిరాకీ లేకనా, కుదరకనా? తెలిసినవాళ్లు చెప్పండి, బావ దగ్గర పరువు దక్కించుకోవాలి.

కెంట్_కోనసీమ

సొరంగం ప్రశ్నకి నేను చెప్తా, ఆ రైలు ఎక్కే ఊరికి దగ్గరలోనే ఉంటాను. పిల్లల సెలవులకి పదిసార్ల పైనే ఎక్కుంటాం.

ముందుగా, అది హై-స్పీడ్ కాదు. కార్లను మోసే షటిల్ రైలు గంటకి 140 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది, అంటే మన వందేభారత్ దానికన్నా జోరుగా వెళ్లగలదు. అదే సొరంగంలో లండన్–పారిస్ యూరోస్టార్ కూడా నడుస్తుంది. బయట 300 కొట్టే ఆ రైలు కూడా సొరంగంలో 160కి తగ్గాల్సిందే.

ఎక్కడం ఎలా ఉంటుందంటే, ఇటువైపు ఫోక్‌స్టన్‌లో హైవే దిగగానే టోల్ గేటు లాంటిది వస్తుంది, అక్కడే పాస్‌పోర్టుల పని రెండు దేశాలదీ అయిపోతుంది. తర్వాత వరసలో వెళ్లి, పక్క తలుపులోంచి రైల్లోకి కారు తోలేయడమే. లోపల ఓ పొడుగాటి గ్యారేజీలా ఉంటుంది, పెట్టెలోంచి పెట్టెలోకి తోలుకుంటూ ముందుకెళ్లి ఆపుతాం. ఇంజన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, కిటికీ కాస్త దించి మన కార్లోనే కూర్చోవడం. 35 నిమిషాల్లో ఫ్రాన్స్. మా అత్తగారు మొదటిసారి వచ్చినప్పుడు దారంతా కిటికీకి అతుక్కుపోయి, చివర్లో "సముద్రం ఏదీ అల్లుడూ?" అన్నారు. సముద్రం నెత్తి మీద ఉందని చెబితే ఇప్పటికీ నమ్మరు.

లారీలకి వేరే రైళ్లున్నాయి. పక్కలు జల్లెడలా ఉండే పెట్టెల్లోకి ఒకదాని వెనక ఒకటి ఎక్కిస్తారు, డ్రైవర్లని చిన్న బస్సులో తీసుకెళ్లి వేరే బోగీలో కూర్చోబెడతారు. గిరాకీ అడిగావు కదా, ఏడాదికి సుమారు 12 లక్షల లారీలు, 20 లక్షలకు పైగా కార్లు. అంత గిరాకీ వేగం చూసి రాలేదు తమ్ముడూ, మధ్యలో సముద్రం ఉండబట్టి వచ్చింది. ఇది కాదంటే డోవర్‌లో ఓడ ఎక్కాలి, అది గంటన్నర పడుతుంది, గాలివాన పట్టిందంటే అదీ కష్టమే. హైదరాబాద్‌కీ బెంగళూరుకీ మధ్య నాకు తెలిసి కృష్ణ, తుంగభద్ర, పెన్నా తప్ప నీళ్లు లేవు, వాటికి వంతెనలు ఎప్పుడో కట్టేశారు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఆ షటిల్ పెట్టెలు 4.1 మీటర్ల వెడల్పు, 5.6 మీటర్ల ఎత్తు. అంత భారీ పెట్టెలు ఇంగ్లండ్‌లో గానీ ఫ్రాన్స్‌లో గానీ మామూలు పట్టాల మీద తిరగలేవు, వంతెనలకీ ప్లాట్‌ఫారాలకీ తగులుతాయి. అందుకే ఆ రైళ్లు ఈ చివర టెర్మినల్ నుంచి ఆ చివర టెర్మినల్‌కి, మళ్లీ వెనక్కి, 1994 నుంచీ గానుగెద్దులా అదే తిరుగుడు. లారీల వల్ల తలనొప్పి కూడా తక్కువేం కాదు, 1996లోనూ 2008లోనూ సొరంగంలో పెద్ద మంటలు లేచింది లారీలు మోసే రైళ్లలోనే. రెండోదాని తర్వాత మంటలార్పడానికి సొరంగంలో ప్రత్యేకమైన చోట్లు కట్టాల్సొచ్చింది.

పది_టైర్లు

బావగారికి నా నమస్కారం చెప్పండి, ఆయనదీ మాదీ ఒకే కష్టం. మాది విజయవాడ ఆటోనగర్, నాన్న హయాం నుంచి లారీలే.

కానీ ఆయన లెక్క తప్పు. లారీకి స్పీడు అక్కర్లేదండీ. ఆశ్చర్యంగా ఉండొచ్చు, కానీ బండి రోడ్డు మీద తిరిగే టైమే మాకు డబ్బులొచ్చే టైము, డబ్బు పోయేది ఆగి ఉన్నప్పుడు. గోడౌన్ దగ్గర గేటు బయట ఒక పూట, హమాలీలు రాలేదని ఒక పూట, అన్‌లోడింగ్‌కి ఆదివారం అడ్డొస్తే ఇంకో రోజు, అది దిగాక రిటర్న్ లోడ్ దొరికేదాకా బ్రోకర్ ఫోను కోసం ఎదురుచూస్తూ ఇంకో రోజు. ఇన్ని రోజులు ఇలా పోతుంటే మధ్యలో రోడ్డు మీద ఆరు గంటలు మిగిల్చి ఎవరికి లాభం? పైగా ఆ రైలు టెర్మినల్ దగ్గర మళ్లీ ఒక క్యూ, మళ్లీ ఒక కాగితం.

రెండోది బరువు. మా పన్నెండు టైర్ల బండి ఖాళీగా ఉన్నప్పుడే పది టన్నుల పైన తూగుతుంది, లోడుతో కలిపితే 35 దాకా. అంటే రైలెక్కిస్తే ఆ పది టన్నుల ఇనుము, రబ్బరు, క్యాబిన్‌లో దేవుడి పటం, డ్రైవరు స్టౌ అన్నీ కలిపి మోసినందుకు కూడా నేనే డబ్బు కట్టాలి. అదే కంటైనర్ అయితే డబ్బా ఒక్కటి రైలెక్కుతుంది, ఇంజను ఇక్కడే ఉండి ఇంకో లోడుకి పోతుంది. పోనీ డ్రైవరు కూడా రైలెక్కాడా, బత్తా ఇవ్వక తప్పదు. ఎక్కలేదా, ఆ చివర ఇంకో డ్రైవరుని పెట్టాలి. రిటర్న్ లోడ్ హోసూరులో దొరికితే హోసూరు, హుబ్లీలో దొరికితే హుబ్లీ, మా బతుకే అంత. రైలు నా లోడు ఎక్కడ దొరికితే అక్కడికి రాదు కదా.

అలాగని లారీలు రైలెక్కడం కుదరదని కాదు. కొంకణ్ రైల్వేలో 1999 నుంచి రో-రో (లోడు బండిని అలాగే రైలెక్కించడం) నడుస్తోంది, ముంబైకి దక్షిణాన ఉన్న కొలాడ్ నుంచి గోవాలో వెర్ణా దాకా, అక్కణ్ణుంచి మంగళూరు వైపు సూరత్‌కల్ దాకా. మా చుట్టాల బండి ఒకటి ఆ దారిలో చాలా ఏళ్లు తిరిగింది. ఆ ఘాట్లలో వానాకాలం లోడు బండి తోలినవాడికి తెలుస్తుంది ఎందుకు ఎక్కిస్తారో. డీజిలు, టైర్లు, బ్రేకులు, డ్రైవరు ప్రాణం, అన్నీ మిగులుతాయి. ఆ రైలు ఏమన్నా పరిగెడుతుందా, మామూలు గూడ్సే. 2020లో బెంగళూరు పక్కన నెలమంగళ నుంచి సోలాపూర్ దగ్గర బాలే దాకా కూడా మొదలుపెట్టారు. గూడ్స్ కోసమే వేసిన వెస్టర్న్ ఫ్రైట్ కారిడార్‌లో రేవాడి–పాలన్‌పూర్ మధ్య పాల ట్యాంకర్లని లారీలతో సహా ఎక్కించి పంపుతున్నారు. వీటిలో ఒక్కటి కూడా బుల్లెట్ కాదు, గమనించండి.

ఉప్పల్_వాసి

బావ పక్కనే కూర్చుని చదువుతున్నాడు. గేటు బయట వెయిటింగ్ సంగతి చదవగానే ఒక్క నిమిషం మాట్లాడలేదు, తర్వాత "అది నిజమేలే" అన్నాడు. అయినా ఆయన పాయింట్ ఒకటి మిగిలే ఉందట, రాత్రి ఖాళీ పట్టాలు. ప్యాసింజర్ రైళ్లు లేనప్పుడు లారీలు పంపితే నష్టమేంటి అని అడుగుతున్నాడు. దానికి జవాబు చెప్పమంటున్నాడు.

రేణిగుంట_పాసింజర్

నేను రైల్వే ఆపరేటింగ్‌లో పనిచేసి రిటైరయ్యాను, బావగారి ప్రశ్న బాగుంది. జపాన్ వాళ్లు కూడా సరిగ్గా ఇదే అనుకున్నారు. 1964లో మొదలైన టోక్యో–ఒసాకా లైనుకి మొదట వేసిన ప్లాన్లలో రాత్రి గూడ్స్ నడపాలని ఉంది. ఇంతవరకూ ఒక్క గూడ్స్ నడవలేదు. ఎందుకంటే ఆ రాత్రి ఖాళీ అనుకునేది ఖాళీ కాదు. అర్ధరాత్రి నుంచి పొద్దున ఆరు దాకా లైను మూసేసి పట్టాలు సరిచేస్తారు, కంకర సర్దుతారు, కరెంటు తీగలు చూస్తారు, తెల్లారేముందు ఒక చెకింగ్ బండి తిప్పి అంతా బాగుందని తేల్చాకే మొదటి రైలు వదులుతారు. 300 స్పీడులో పట్టా కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా పెట్టె ఊగిపోతుంది. గూడ్స్ నడిపితే పట్టా ఇంకా తొందరగా పాడవుతుంది, బాగుచేయాల్సిన టైములోనే దాన్ని పాడుచేసే బండిని పంపినట్టు అవుతుంది.

పగలు పంపితే? మన దగ్గర గూడ్స్‌ని లూప్‌లో, అంటే పక్క పట్టా మీద, పెట్టి ఎక్స్‌ప్రెస్‌ని వదలడం అందరూ చూసిందే. అదే ఇక్కడా లెక్కేయండి. 500 కిలోమీటర్ల లైను అనుకుందాం. 300 వేగంతో వెళ్లేది గంటా నలభై నిమిషాల్లో చేరుతుంది, 120 వేగంతో వెళ్లే గూడ్స్‌కి నాలుగు గంటల పది నిమిషాలు. తేడా రెండున్నర గంటలు. ఇరవై నిమిషాలకో బుల్లెట్ వదిలితే ఆ ఒక్క గూడ్స్‌ని ఏడెనిమిది రైళ్లు దాటాలి, అంటే ఏడెనిమిదిసార్లు అది లూప్‌లో నిలబడాలి, నిలబడ్డ ప్రతిసారీ ఇంకా ఆలస్యం. గూడ్స్ ఒక్కటి వెళ్లాలంటే నాలుగైదు బుల్లెట్ల చోటు పోతుంది. సెక్షన్ కంట్రోలర్ కుర్చీలో కూర్చున్నవాడెవడూ దీనికి ఒప్పుకోడు.

మరి లారీలని కూడా 300 స్పీడుతో తీసుకెళ్లే రైలు చేస్తే అంటారా. బరువు పెద్ద అడ్డు కాదు, చాలామంది అదే అనుకుంటారు. హై-స్పీడ్ లైన్లలో ఇరుసుకి 17 టన్నుల దాకా ఒప్పుకుంటారు, పెట్టెకి ఒక్క లారీ చొప్పున పెడితే లెక్క సరిపోతుంది. (మన గూడ్స్ లైన్లలో 22.9, ఫ్రైట్ కారిడార్‌లో 25.) ఎత్తు దగ్గర ఇరుక్కుంటాం. షింకన్‌సెన్, అంటే జపాన్ బుల్లెట్ రైలు, లైన్ల కరెంటు తీగ పట్టా నుంచి సుమారు ఐదు మీటర్లు. లారీ నాలుగు మీటర్లు, కింద పెట్టె నేల ఒక మీటరు పైమాటే. తీగ తగిలిపోతుంది, ఇక పైకప్పుకి చోటెక్కడ? పైకప్పు లేకుండా 300 స్పీడులో గాలికి టార్పాలిన్ తాడు తెగిందంటే, వెనకాల వచ్చే రైలు పరిస్థితి ఊహించుకోండి. వెస్టర్న్ ఫ్రైట్ కారిడార్‌లో డబుల్ స్టాక్ (కంటైనర్ మీద కంటైనర్) కోసం తీగ ఏడున్నర మీటర్ల ఎత్తులో కట్టారు చూశారా, అది ముందే అనుకుని కట్టడం. ఫలానా సరుకు వస్తుందని తెలిసి కట్టిన లైను వేరు, మనుషుల కోసం కట్టి తర్వాత లారీలెక్కిద్దామనుకోవడం వేరు.

ఎత్తుపల్లాలది కూడా అదే కథ. జర్మనీ వాళ్లు హనోవర్–వ్యుర్జ్‌బర్గ్ లైను 1991లో తెరిచారు, గూడ్స్ కూడా నడవాలని వెయ్యి మీటర్లకి 12.5 మీటర్లకన్నా ఎక్కువ ఎక్కకుండా కట్టారు. దాంతో కొండల్లో సొరంగాల మీద సొరంగాలు తవ్వాల్సొచ్చింది, ఖర్చు వాచిపోయింది. ఆ సొరంగాల్లో గూడ్సూ ఫాస్ట్ రైలూ ఎదురెదురు పడకూడదని గూడ్స్‌ని రాత్రికి నెట్టేశారు. తర్వాత కొలోన్–ఫ్రాంక్‌ఫర్ట్ లైను 2002లో వచ్చేసరికి గూడ్స్ ఊసే ఎత్తలేదు, వెయ్యికి 40 మీటర్ల ఎత్తు పెట్టి హైవే పక్కనే కొండలెక్కించేశారు. లోడు గూడ్స్‌కి అలాంటి ఎత్తు వస్తే ముందొక ఇంజను, వెనక నుంచి నెట్టడానికి ఇంకో రెండు పెట్టినా మూలుగుతూ ఎక్కాల్సిందే.

ఎదురెదురు పడటం ఎందుకంత సమస్య అంటే జపాన్‌లో సేకన్ సొరంగం చూడండి. దాదాపు 54 కిలోమీటర్లు, అందులో 23 సముద్రం కింద. అటువైపు హొక్కైడో నుంచి ఉల్లిపాయలు, బంగాళదుంపలు గూడ్స్‌లో టోక్యో వైపు రావాలి, అదే సొరంగంలో 2016 నుంచి బుల్లెట్ కూడా నడుస్తోంది. దాని గాలి ఒత్తిడికి పక్క గూడ్స్ మీది కంటైనర్లు ఏమవుతాయోనన్న భయంతో బుల్లెట్‌ని అక్కడ మొదట 140కే కట్టేశారు, తర్వాత మెల్లమెల్లగా పెంచారు. మీకు నచ్చే సంగతి ఒకటి, గూడ్స్ వ్యాగన్లని అలాగే ఎత్తి పెద్ద షింకన్‌సెన్ పెట్టెల్లో పెట్టి సొరంగం దాటించాలని కూడా అక్కడి రైల్వే ప్రయోగాలు చేసింది. రైలు మీద రైలన్నమాట. అది ప్రయోగంగానే మిగిలిపోయింది.

ఆష్‌బర్న్_అన్న

రైల్వే సార్ చెప్పాక నేను చెప్పేదేం లేదు గానీ, కారు సంగతి ఎవరూ పట్టించుకోలేదు పాపం, ఉప్పల్ తమ్ముడి కోసం చెప్తా.

మా ఇంటికి గంట దూరంలో లార్టన్ అని ఉంది, వర్జీనియాలో. అక్కణ్ణుంచి ఫ్లోరిడాలో శాన్‌ఫర్డ్ దాకా ఆమ్‌ట్రాక్ ఆటో ట్రైన్ రోజూ నడుస్తుంది, 1376 కిలోమీటర్లు, మధ్యలో జనం ఎక్కేదీ దిగేదీ ఏమీ ఉండదు. డిస్నీకి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు మేం ఎక్కాం. మధ్యాహ్నం మూడు లోపల కారు అప్పజెప్పాలి, తలుపు మీద ఒక నంబరు అంటిస్తారు, వాళ్ల మనిషే తోలుకెళ్లి మూసి ఉన్న వ్యాగన్లలో పెడతాడు. మనం వేరే బోగీలో. సాయంత్రం ఐదుకి బయల్దేరితే మర్నాడు పొద్దున పదింటికి చేరుతుంది. చేరాక అసలు సినిమా మొదలవుతుంది, వందల కార్లు ఒక్కొక్కటీ దిగాలి, నంబరు పిలిచేదాకా కుర్చీలో కూర్చోవడమే. మా నంబరు దాదాపు చివర్లో వచ్చింది. గంటన్నర. ఆ గంటన్నర మా చిన్నోడు పెట్టిన పేచీ ఇక్కడ రాయను.

అయినా అది నిండుతుంది, ఎందుకో ఆలోచించండి. కారులో అయితే రెండు రోజులు, మధ్యలో హోటల్. ఎక్కేవాళ్లలో ఎక్కువమంది చలికాలం నాలుగు నెలలు ఫ్లోరిడాలో ఉండే రిటైరైన దంపతులు, వాళ్లకి కారు అక్కడ తప్పనిసరి, తోలే ఓపిక లేదు. ఒక రాత్రి నిద్రలో దూరం అయిపోతుంది, అదే దానికి గిరాకీ. బెంగళూరు 570 కిలోమీటర్లు. ఎక్కించడానికి రెండు గంటల ముందు రావాలి, దించడానికి ఇంకో గంట, మధ్యలో రైలు రెండు గంటలైనా మొత్తం ఐదు దాటుతుంది. దానికి ముందు ఉప్పల్ నుంచి శంషాబాద్, తర్వాత యలహంక నుంచి మీ ఇంటికి బెంగళూరు ట్రాఫిక్‌లో... లెక్క మీరే వేసుకోండి. బుల్లెట్ ఎంత జోరుగా పోయినా ఈ రెండు చివరలూ తగ్గవు.

పది_టైర్లు

కారు రో-రో మన దేశంలో కూడా మొదలైంది కదండీ. 2025 ఆగస్టులో, వినాయక చవితికి ముందు కొంకణ్ రైల్వేనే పెట్టింది. కొలాడ్ నుంచి వెర్ణా, అప్పుడు కారుకి 7875 రూపాయలు, మనుషులకి టికెట్ వేరే, కార్లో కూర్చోనివ్వలేదు. మధ్యాహ్నం రెండింటికి కారు అప్పజెబితే సాయంత్రం ఐదుకి బయల్దేరి తెల్లారి చేరేది. ఒక ట్రిప్పులో 40 కార్లు పట్టేవి, 16 అయినా బుక్ కాకపోతే నడపమన్నారు. స్పందన అంతంతమాత్రమే అని పేపర్లలో వచ్చింది. ముంబై వాడు ముందు వందకు పైగా కిలోమీటర్లు కొలాడ్ దాకా తోలాక అక్కడ రైలెక్కించమంటే, ఇంత దూరం వచ్చాక మిగతాది కూడా తోలేద్దాం అనుకోడా?

పార్శిల్_ఆఫీసు

అందరూ వెహికల్ చుట్టూనే తిరుగుతున్నారు. నేను గుంటూరులో బస్సు పార్శిళ్ల బుకింగ్ చూస్తుంటాను, నాకు ఈ గొడవ వేరేగా కనిపిస్తోంది. హై-స్పీడ్ రైల్లో ఎక్కే సరుకు ఏదో తెలుసుకోవాలంటే రాత్రి ట్రావెల్స్ బస్సు డిక్కీ తెరిచి చూడండి. మందుల అట్టపెట్టెలు, సెల్‌ఫోన్ స్పేర్ పార్టులు, మగ్గం వర్క్ చేయించిన బ్లౌజులు, ల్యాబుకి వెళ్లే రక్తం శాంపిళ్లు, ఆగిపోయిన మిషన్‌కి కావాల్సిన ఒక్క బేరింగు. బరువు తక్కువ, విలువ ఎక్కువ, రేపు పొద్దున్నే కావాలి. మనుషులు కూర్చునే బస్సు కిందే ఇంత వ్యాపారం జరుగుతోంది, ఆర్టీసీ వాళ్లు కూడా కార్గోకి ప్రత్యేకంగా కౌంటర్లు పెట్టింది అందుకే.

బయట దేశాల్లో జరిగింది కూడా సరిగ్గా ఇదే. ఫ్రాన్స్‌లో పోస్టాఫీసు వాళ్లకి సొంత టీజీవీ (అక్కడి హై-స్పీడ్) రైళ్లుండేవి, పసుప్పచ్చ రంగువి, సీట్లు లేకుండా సంచులు నింపుకుని పారిస్–లియాన్ లైనులో 270 వేగంతో పోయేవి. 1984 నుంచి 2015 దాకా నడిచాయి. ఉత్తరాలు రాసేవాళ్లు తగ్గిపోయారు, రైళ్లు ఆగిపోయాయి, వేగంలో ఏ లోపం లేదు. ఇటలీలో 2018లో పాత హై-స్పీడ్ రైలొకటి తీసుకుని సీట్లు పీకేసి, చక్రాల బోనుల్లో పార్శిళ్లు నింపి నేపుల్స్ పక్కనున్న కసెర్తా నుంచి బొలోనియాకి మూడున్నర గంటల్లో పంపారు. జపాన్‌లో ఉత్తరాన సముద్రంలో పొద్దున పట్టిన చేపలు, పీతలు షింకన్‌సెన్‌లో ఖాళీ చోట పెట్టి టోక్యో పంపుతున్నారు, సాయంత్రానికి హోటల్ ప్లేట్లో ఉంటాయి. చైనాలో సీట్లే లేని 350 వేగం సరుకు రైలు 2020లో తయారుచేశారు. వీటిలో ఎక్కడైనా లారీ ఉందా? బోను, సంచి, డబ్బా, అంతే.

మన దగ్గర సరుకుకీ వేగం కావాలి, కానీ ఎంత? రేణిగుంట నుంచి ఢిల్లీకి 2020 నుంచి పాల రైలు పోతోంది, దూద్ దురంతో, ఒక్కో ట్యాంకులో 40 వేల లీటర్లు. దానికి 300 వేగం అక్కర్లేదు, మధ్యలో ఎవరూ లూప్‌లో పెట్టకుండా ఉంటే చాలు. అదే ఏడాది సెప్టెంబర్‌లో అనంతపురం నుంచి కిసాన్ రైలు వెళ్లింది, చీనీకాయలూ అరటికాయలూ వేసుకుని. రైతు అడిగింది కూడా బుల్లెట్ కాదు, ఛార్జీలో సగం సబ్సిడీ, చేరే టైము ముందే తెలియడం. భీమవరం రొయ్య గడ్డకట్టించి కంటైనర్‌లో విశాఖ పోర్టుకి పోతుంది, అది ఓడెక్కాక వారాలు పడుతుంది, ఇక్కడ రెండు గంటలు మిగిలిస్తే దానికి ఏమొస్తుంది? జీనోమ్ వ్యాలీ వ్యాక్సిన్ లాంటివి అయితే సరే, ఇప్పుడు విమానం కింద పెట్టి పంపే వాటిలో కొన్ని చెన్నై, బెంగళూరు రైలెక్కొచ్చు. కానీ వాటికి ఒక బోగీ చాలు, రైలెందుకు?

రేణిగుంట_పాసింజర్

పార్శిల్ గారి మాటతో నూటికి తొంభై పాళ్లు ఏకీభవిస్తాను. మిగతా పది ఎందుకంటే, ఆ ఒక్క బోగీకి కూడా స్టేషన్లో చోటు ముందే పెట్టాలి. బుల్లెట్ స్టేషన్లో ఒకటి రెండు నిమిషాలు ఆగుతుంది, ఆ రెండు నిమిషాల్లో బోనులు దిగి, ఎక్కాలి. దానికి వెడల్పు తలుపు, వేరే లిఫ్టు, కింద వ్యాన్లు ఆగే చోటు కావాలి. అన్నీ కట్టేశాక ప్రయాణికుల లిఫ్టులోనే హమాలీ బోను తోసుకొస్తే ఎలా ఉంటుందో మన పాత ప్లాట్‌ఫారాల మీద రోజూ చూస్తున్నాం. డ్రాయింగులు వేసేటప్పుడే అడగాల్సిన ప్రశ్న ఇది, లారీలు ఎక్కుతాయా అన్నది కాదు.

కెంట్_కోనసీమ

దీనికి మా దగ్గరే ఉదాహరణ ఉంది. సొరంగం నుంచి లండన్ దాకా వేసిన హై-స్పీడ్ లైనులో గూడ్స్ ఆగడానికి లూపులు కూడా ముందే కట్టిపెట్టారు, ఖర్చుకి వెనకాడలేదు. పూర్తిగా తెరిచింది 2007లో, మొదటి గూడ్స్ నడిచింది 2011లో. ఇప్పటికీ ఆ లూపుల పక్క హైవే మీద లారీలు బారులు తీరి ఉంటాయి గానీ లూపుల్లో గూడ్స్ కనిపించడం అరుదు. కాబట్టి ముందే కట్టినంత మాత్రాన గిరాకీ రాదు సార్.

పది_టైర్లు

ఉప్పల్ గారూ, ఒక మాట అడుగుతా ఏమీ అనుకోకండి. నెలకి రెండుసార్లు కారెందుకసలు? రాత్రి బస్సెక్కి పడుకుంటే తెల్లారి బెంగళూరులో ఉంటారు.

ఉప్పల్_వాసి

అడగరనుకున్నా, అడిగేశారు. కారులో నేనొక్కణ్ణే ఉంటానండీ, మిగతా సీట్ల నిండా సామానే. మా అమ్మ 25 కిలోల బియ్యం మూట పెడుతుంది, బెంగళూరులో బియ్యం దొరకవన్నట్టు. ఆవకాయ, గోంగూర, నెయ్యి, ఒకసారి రుబ్బురోలు కూడా పంపింది. తిరుగు ప్రయాణంలో ఖాళీ డబ్బాలన్నీ లెక్కపెట్టి తేవాలి, ఒక్క మూత తగ్గినా ఫోన్. అక్కడ దిగాక కారుతో నాకు పెద్దగా పనే లేదు, రెండ్రోజులూ సెల్లార్లో ఉంటుంది.

ఇది చదివి బావ నవ్వుతున్నాడు, "రిటర్న్ లోడ్ ఖాళీ డబ్బాలన్నమాట" అంటున్నాడు.

పార్శిల్_ఆఫీసు

అయితే మీకు కావాల్సింది కారెక్కే రైలు కాదు సామీ, మా కౌంటరు. బియ్యం, నెయ్యి సాయంత్రం కార్గోలో వేసేయండి, మీరు ఖాళీ చేతులతో రైలో బస్సో ఎక్కండి, పొద్దున అక్కడ తీసుకోండి. రుబ్బురోలు మాత్రం మీ అమ్మగారితో మాట్లాడుకోండి.

ఉప్పల్_వాసి

ట్రై చేస్తా. మా అమ్మ ఒకటే అడగమంటోంది, ఆవకాయ జాడీ పగిలితే ఎవరిది బాధ్యత అని.

పార్శిల్_ఆఫీసు

జాడీలో పంపకండి. ప్లాస్టిక్ డబ్బాలో పోసి, మూత చుట్టూ టేపు వేసి, కవర్లో కట్టి, మీద పాత దుప్పటి చుట్టండి. పైన "ఈ వైపు పైకి" అని పెద్ద అక్షరాలతో రాయండి. ఎవరూ చదవరు గానీ, రాయండి. నూనె మాత్రం పైదాకా పోయకండి, డబ్బాలో నాలుగు వేళ్లు వెలితి ఉంచి, అక్కడికి చేరాక కలుపుకోండి.